ఇంగ్లిష్ ప్రాసపదాలు: ధ్వని, అర్థం, చరిత్ర

ఇంగ్లిష్‌లో చివరి భాగం ఒకేలా వినిపించే మాటలను ప్రాసపదాలు అంటారు. క్యాట్ (పిల్లి), ర్యాట్ (ఎలుక), మ్యాట్ (చాప) ఒక వరస. లైట్ (వెలుగు), కైట్ (గాలిపటం), వైట్ (తెలుపు) ఇంకో వరస. ఎల్‌కేజీ పిల్లలు వల్లించే రైమ్స్ నుంచి షేక్‌స్పియర్ సానెట్ల దాకా, ప్రకటనల నినాదాల నుంచి ర్యాప్ పాటల దాకా ఈ పదాలు కనిపిస్తాయి. కవిత్వానికి అలంకారంగానే కాక చిన్నపిల్లల చదువుకు మెట్టుగా, పాత ఉచ్చారణలకు సాక్ష్యంగా కూడా పనికొస్తాయి. ఈ ప్రాసను తేల్చేది చెవి. స్పెల్లింగ్ చూసి తేల్చబోతే తరచుగా పొరపాటు జరుగుతుంది. ఇంగ్లిష్ ప్రాసకు సంబంధించిన చిక్కులూ అందాలూ చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

నిర్వచనం

రెండు మాటల్లో ఊనిక (ఒత్తి పలకడం) పడే చివరి అచ్చు, దాని తర్వాత వచ్చే ధ్వనులన్నీ ఒకటై, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరైతే అది పూర్ణప్రాస. క్యాట్, హ్యాట్ (టోపీ) అనే మాటల్లో మొదటి హల్లు మారింది, మిగతా ధ్వని మారలేదు.

తెలుగువారు గమనించవలసింది ఊనిక. తెలుగులో ఎక్కడ ఒత్తి పలికినా మాట అర్థం మారదు. ఇంగ్లిష్‌లో మారుతుంది. 'రన్నింగ్', 'సింగ్' రెండూ 'ఇంగ్'తో ముగుస్తున్నా అవి పూర్ణప్రాస కావు. 'రన్నింగ్'లో ఊనిక 'రన్' మీద ఉంటుంది కాబట్టి దానికి సరైన జోడీ 'కన్నింగ్' (జిత్తులమారి). అలాగే డి, ఇ, ఎస్, ఇ, ఆర్, టి అన్న అక్షరాలను మొదట ఒత్తి 'డెజర్ట్' అంటే ఎడారి, చివర ఒత్తి 'డిజర్ట్' అంటే విడిచిపెట్టిపోవడం. రెండో దానికే 'హర్ట్' (గాయపరచు) ప్రాసగా కుదురుతుంది.

ప్రధాన రకాలు

ఏకాక్షర ప్రాస: ఊనిక చివరి అక్షరం మీదే ఉంటుంది. నైట్ (రాత్రి), డిలైట్ (ఆనందం) ఇలాంటివి. ఇంగ్లిష్ కవిత్వంలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ద్వ్యక్షర ప్రాస: చివరి రెండు అక్షరాలు కలుస్తాయి. మదర్–బ్రదర్, మోషన్ (చలనం)–ఓషన్ (మహాసముద్రం).

త్ర్యక్షర ప్రాస: మూడు అక్షరాలు కలుస్తాయి. బ్రిటన్ జాతీయగీతంలో వచ్చే విక్టోరియస్ (విజయవంతమైన), గ్లోరియస్ (వైభవోపేతమైన) దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇంగ్లిష్‌లో ఇంత పొడుగు ప్రాసలు గంభీర సందర్భాలకన్నా హాస్యానికే ఎక్కువగా నప్పుతాయి.

అర్ధప్రాస: ధ్వనులు దగ్గరగా వచ్చి పూర్తిగా కలవకుండా ఆగిపోతాయి. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) దీన్ని విరివిగా వాడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి 1918 నవంబర్ 4న మరణించిన కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇంకో పద్ధతి పట్టాడు. హాల్, హెల్ (నరకం) లాగా హల్లులన్నీ నిలబెట్టి నడుమ అచ్చును మాత్రం మార్చాడు. కుదిరినట్టే అనిపించి కుదరని ఆ ధ్వని యుద్ధం తెచ్చిన అశాంతికి తగినట్టుగా అమరింది.

కంటిప్రాస: రాతలో కలిసి పలుకులో విడిపోయే జంట. లవ్ (ప్రేమ), మూవ్ (కదులు) అనే మాటలు ఎల్, ఎమ్ అక్షరాల తర్వాత ఒకేలా రాస్తారు కానీ ఒకేలా పలకరు.

సమధ్వని ప్రాస: పలుకు పూర్తిగా ఒకటే, అర్థం వేరు. పదాలు రెండూ మొదటి హల్లుతో సహా కలిసిపోవడం వల్ల ఆధునిక ఇంగ్లిష్ కవులు దీన్ని బలహీనమైన ప్రాసగా చూస్తారు. ఫ్రెంచ్ సంప్రదాయంలో మాత్రం దీనికి గౌరవం ఉంది. ఆ ప్రభావంతోనే 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్' ఉపోద్ఘాతంలో 'వెతకడం', 'జబ్బుపడిన' అనే అర్థాలున్న రెండు సమధ్వని పదాలను పక్కపక్క పాదాల చివర ఉంచాడు.

ఈ జంటలు పాదాల చివర వస్తే అంత్యప్రాస, పాదం నడుమనే వస్తే అంతర్ప్రాస.

పదకుటుంబాలు, అర్థాలు

ఒకే ముగింపు ధ్వని ఉన్న పదాలను ఒక కుటుంబంగా చేర్చి నేర్పడం ఇంగ్లిష్ బోధనలో పాత పద్ధతి. 1970లో వైలీ, డరెల్ అనే పరిశోధకులు 37 ముగింపులు తెలిస్తే ప్రాథమిక తరగతుల్లో వచ్చే దాదాపు 500 పదాలు చదవవచ్చని చూపించారు. కొన్ని కుటుంబాలు ఇవి:

'యాట్' కుటుంబం: క్యాట్ (పిల్లి), ర్యాట్ (ఎలుక), బ్యాట్ (గబ్బిలం, క్రికెట్ బ్యాటు), హ్యాట్ (టోపీ), మ్యాట్ (చాప), ఫ్యాట్ (కొవ్వు), చ్యాట్ (పిచ్చాపాటీ). రాత, పలుకు రెండూ కలిసే కుటుంబం కాబట్టి బడిలో ముందుగా నేర్పేది దీన్నే.

'ఐట్' కుటుంబం: లైట్ (వెలుగు, తేలికైన), నైట్ (రాత్రి), ఫైట్ (పోట్లాట), సైట్ (చూపు, స్థలం), మైట్ (బలం), టైట్ (బిగుతు), కైట్ (గాలిపటం), బైట్ (కాటు), వైట్ (తెలుపు), హైట్ (ఎత్తు). 'హైట్'ను రాతలో పోలిన 'వెయిట్' (బరువు) మాత్రం ఈ కుటుంబంలో చేరదు. అది లేట్, గేట్ పక్కన చేరుతుంది.

'ఏల్' కుటుంబం: టేల్ (కథ), టెయిల్ (తోక), సేల్ (అమ్మకం), సెయిల్ (తెరచాప), పేల్ (పాలిపోయిన), పెయిల్ (చిన్న బకెట్), నెయిల్ (గోరు, మేకు), వేల్ (తిమింగలం), స్నెయిల్ (నత్త), హెయిల్ (వడగళ్లు). స్పెల్లింగ్ తేడా తెలియడానికి తెలుగులో 'సేల్', 'సెయిల్' అని వేరువేరుగా రాస్తున్నాం. ఇంగ్లిష్‌లో ఆ రెండూ ఒకే పలుకు.

'ఏర్' కుటుంబం: బేర్ (ఎలుగుబంటి; బోసిగా ఉన్న), పేర్ (జత; ఒక పండు), హేర్ (జుట్టు; చెవులపిల్లి), ఫేర్ (ప్రయాణ ఛార్జీ; న్యాయమైన; తిరునాళ్లు), కేర్ (శ్రద్ధ), షేర్ (వాటా), రేర్ (అరుదైన), స్టేర్ (మెట్టు; తేరిపార చూడటం). వీటిలో చాలా పలుకుల వెనక రెండు మూడు పదాలున్నాయి.

'ఊ' కుటుంబం: బ్లూ (నీలం), షూ (బూటు), టూ (రెండు), న్యూ (కొత్త), హూ (ఎవరు), డూ (చేయి), త్రూ (గుండా). ఈ ఏడు మాటలూ చెవికి ఒకే బడి పిల్లలు. కాగితం మీద ముగింపు అక్షరాలు చూస్తే మాత్రం చాలావరకు పోలిక కనిపించదు.

ప్రాసను బట్టి అర్థం తేలే సందర్భాలూ ఉన్నాయి. ఎల్, ఇ, ఎ, డి అన్న అక్షరాలు 'నీడ్'తో ప్రాసగా పలికితే దారి చూపడం, 'రెడ్'తో ప్రాసగా పలికితే సీసం. టి, ఇ, ఎ, ఆర్ 'ఫియర్'తో కలిస్తే కన్నీరు, 'కేర్'తో కలిస్తే చింపడం. బి, ఓ, డబ్ల్యు 'గో'తో కలిస్తే విల్లు, 'కౌ'తో కలిస్తే వంగి నమస్కరించడం.

రాత ఒకటి, పలుకు ఒకటి

ఓ, యు, జి, హెచ్ అన్న నాలుగు అక్షరాలు ఒక మాట చివర వస్తే ఏ ప్రాస వస్తుందో ముందుగా చెప్పలేం. 'దో' (అయినప్పటికీ) అన్నది గో, షోల పక్కన నిలుస్తుంది. 'త్రూ' బ్లూతో కలుస్తుంది. 'కాఫ్' (దగ్గు) ఆఫ్‌తో, 'రఫ్' (గరుకు) స్టఫ్‌తో, 'బౌ' (చెట్టుకొమ్మ) కౌతో జత కడతాయి. చివర ఓ, ఎమ్, బి ఉండే మూడు మాటలదీ ఇదే తీరు. దువ్వెనకు ఉన్న 'కోమ్' హోమ్‌తో, సమాధికి ఉన్న 'టూమ్' రూమ్‌తో, పేలేదానికి ఉన్న 'బామ్' టామ్ అనే పేరుతో ప్రాస కడతాయి. మూడింటిలోనూ చివరి బి పలకదు. తెలుగులో మనం 'బాంబు' అని దాన్ని గట్టిగా పలుకుతాం కాబట్టి ఈ ప్రాస మన చెవికి వెంటనే అందదు.

ఈ చిక్కుకు కారణం చరిత్రలో ఉంది. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ ఒకదాని వెంట ఒకటి చోటు మారాయి. భాషావేత్తలు దీన్ని మహా అచ్చుమార్పు అంటారు. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టేనాటికి ఆ మార్పు ఇంకా సాగుతూనే ఉంది. ముద్రణ వల్ల స్పెల్లింగ్ క్రమంగా గడ్డకట్టింది, పలుకు మాత్రం కదిలిపోయింది. 'నైట్' అనే మాటలో నేడు మూగగా ఉన్న జి, హెచ్ అక్షరాలు ఒకప్పుడు గొంతులోంచి వచ్చే 'ఖ' లాంటి ధ్వనికి గుర్తు. గుర్రపు యోధుడికున్న 'నైట్' మొదట మూగగా మిగిలిన కె కూడా చాసర్ కాలంలో పలికేదే. అప్పట్లో ఆ రెండు నైట్‌లూ వేరువేరు పలుకులు.

నేడు కంటిప్రాసలుగా కనిపించే లవ్–ప్రూవ్ లాంటి జంటలు షేక్‌స్పియర్ నాడు చెవికీ కుదిరేవి. పాత కవిత్వంలోని ప్రాసలను ఆధారాలుగా తీసుకుని భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ ఆనాటి ఉచ్చారణను పునర్నిర్మించాడు. 2004లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాల 'రోమియో అండ్ జూలియట్'ను ఆ ఉచ్చారణలో ప్రదర్శించింది.

ప్రాంతాన్ని బట్టి కూడా ప్రాస మారుతుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో అచ్చు తర్వాతి 'ర్' పలకరు కాబట్టి కాట్ (పట్టుకున్న), కోర్ట్ (న్యాయస్థానం) అక్కడ ఒకేలా వినిపిస్తాయి. స్కాట్లండ్‌లో, అమెరికాలో ఎక్కువ చోట్ల వినిపించవు. అక్షరమాలలో చివరి అక్షరాన్ని అమెరికన్లు 'జీ' అంటారు, బ్రిటిష్ వారూ మనమూ 'జెడ్' అంటాం. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి అక్షరాల పేర్లన్నీ 'ఈ'తో ముగుస్తాయి. అందుకే ఏబీసీడీల పాటలో చివరి ప్రాస అమెరికా పిల్లలకు సాఫీగా కుదిరి, జెడ్ అనే పిల్లలకు తెగిపోతుంది. ఈ పోలిక రేడియోలో ప్రమాదమే. అక్షరాలు కలగలిసి వినిపించకుండా ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే పేర్లను పౌర విమానయానంలో 1956 నుంచి వాడుతున్నారు.

ఇంగ్లిష్ కవిత్వంలో ప్రాస

ప్రాచీన ఇంగ్లిష్ కవిత్వానికి అంత్యప్రాస ఆధారం కాదు. 'బేవుల్ఫ్' వంటి కావ్యాల్లో పాదాన్ని రెండు ముక్కలుగా చేసి, ఆ ముక్కలను మొదటి ధ్వనుల పోలికతో కట్టేవారు. పాదం మొదటి అక్షరాన్ని యతిస్థానంలోని అక్షరంతో కలిపే తెలుగు పద్యానికి ఇది చాలా దగ్గర. అచ్చుతో మొదలయ్యే మాట మరో అచ్చుతో చెల్లడం కూడా రెండు చోట్లా ఉంది. తెలుగులో ఏ అచ్చుకు ఏది చెల్లుతుందో నియమాలు గట్టివి. ప్రాచీన ఇంగ్లిష్‌లో ఏ అచ్చుకైనా ఏ అచ్చయినా చెల్లేది. ఎక్సెటర్ గ్రంథమనే 10వ శతాబ్దపు ప్రతిలో అంత్యప్రాసలతో నిండిన కవిత ఒకటి ఉన్నా అది అరుదైన సంగతి.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచ్ కవిత్వం, దానితోపాటు అంత్యప్రాస వేళ్లూనుకున్నాయి. 14వ శతాబ్దం చివరలో చాసర్ ద్విపద ప్రాసలను కథ చెప్పడానికి అలవోకగా వాడాడు. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ 154 సానెట్లలో స్థిరపడిన క్రమం ఇది: పద్నాలుగు పాదాల్లో మొదటి పన్నెండు మూడు నాలుగుపాదాల ఖండాలు, ప్రతి ఖండంలో ఒకటి మూడుకు, రెండు నాలుగుకు ప్రాస, చివరి రెండు పాదాలకు ఒకే ప్రాస. వాదమంతా ఆ చివరి జంటలో ముడిపడుతుంది. అలెగ్జాండర్ పోప్ 18వ శతాబ్దంలో ద్విపద ప్రాసకు కత్తి పదును పెట్టాడు.

ప్రాస వద్దన్న మహాకవి మిల్టన్. 1667లో వెలువడిన 'పారడైజ్ లాస్ట్'ను ప్రాస లేకుండా రాసి, తర్వాతి ప్రతులకు చేర్చిన ముందుమాటలో ప్రాసను అనాగరిక యుగపు కల్పనగా తోసిపుచ్చాడు. దీని వెనక భాష పరిస్థితి కూడా ఉంది. ఇటాలియన్ మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి అక్కడ ప్రాసలకు కొదవ లేదు. ప్రత్యయాలు రాలిపోయిన ఇంగ్లిష్‌లో ప్రాసలు కరువు. 'లవ్' అనే అంత ముఖ్యమైన మాటకు డవ్ (పావురం), గ్లవ్ (చేతితొడుగు), అబవ్ (పైన), షవ్ (తోయడం) మించి చెప్పుకోదగ్గ జోడీలు లేవు.

1846లో ఎడ్వర్డ్ లియర్ ప్రచురించిన 'ఎ బుక్ ఆఫ్ నాన్సెన్స్' లిమరిక్కులకు ప్రాచుర్యం తెచ్చింది. అయిదు పాదాల్లో ఒకటి, రెండు, అయిదు ఒక ప్రాస; మూడు, నాలుగు ఇంకో ప్రాస. ఈ ప్రక్రియను శ్రీశ్రీ తెలుగులో రాసి చూపించాడు. ఆయన 'సిప్రాలి'లో సిరిసిరిమువ్వ శతకం, ప్రాసక్రీడలతో పాటు లిమరిక్కులూ ఉన్నాయి.

జంటమాటలు, మారుమాటలు

నిత్యవ్యవహారంలో ప్రాసతో అతికిన జంటలు ఇంగ్లిష్‌లో ఎన్నో. హెల్టర్ స్కెల్టర్ అంటే చెల్లాచెదురుగా పరుగు. హర్లీ బర్లీ అంటే కోలాహలం. హోకస్ పోకస్ అంటే కనికట్టు. విల్లీ నిల్లీ అంటే ఇష్టమున్నా లేకున్నా. నిట్టీ గ్రిట్టీ అంటే విషయంలోని అసలు వివరాలు. వేర్ అండ్ టేర్ అంటే వాడకంతో వచ్చే అరుగుదల. ఇలాంటివి మనకూ ఉన్నాయి: గజిబిజి, హడావిడి, పని గిని. తెలుగులో ఏ మాటకైనా 'గి' చేర్చి జంట చేసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో అలాంటి స్థిర సూత్రం లేక ఒక్కో జంటా విడిగా పుట్టింది.

లండన్ తూర్పు పేటల్లో 19వ శతాబ్దం నడుమ పుట్టిన కాక్నీ ప్రాసభాష ఇంకా చిత్రమైనది. అసలు మాట చెప్పకుండా దానితో ప్రాస కలిసే పదబంధం చెబుతారు. స్టేర్స్ (మెట్లు) అనడానికి 'యాపిల్స్ అండ్ పేర్స్', ఫోన్ అనడానికి 'డాగ్ అండ్ బోన్'. తర్వాత ప్రాస కలిసే భాగాన్నే వదిలేస్తారు. హెడ్ (తల)కు ప్రాసగా 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' అని, దాన్ని 'లోఫ్'గా కుదించారు. అందుకే 'నీ రొట్టె వాడు' అంటే అక్కడ బుర్ర ఉపయోగించమని అర్థం. బయటివాడికి ప్రాస తెలియకపోతే అర్థమూ తెలియదు.

జోడీ దొరకని మాటలూ ఉన్నాయి. మంత్ (నెల) అనే మాటకు పూర్ణప్రాస లేదు. సిల్వర్ (వెండి)కు చిల్వర్ (ఆడ గొర్రెపిల్ల), పర్పుల్ (ఊదా)కు హిర్పుల్ (కుంటుతూ నడవడం) ఉన్నా ఆ మాటలు తెలిసినవారు తక్కువ. ఆరెంజ్‌కు వేల్స్‌లోని బ్లోరెంజ్ కొండ పేరు కలుస్తుంది. ర్యాప్ గాయకుడు ఎమినెం ఆరెంజ్‌ను 'డోర్ హింజ్' (తలుపు బందు) వంటి రెండు మాటలకు సాగదీసి పలికి కలిపి చూపించాడు. ఒక మాటకు పదబంధాన్ని జతచేసే ఈ బహ్వక్షర ప్రాసే ర్యాప్ కవుల ప్రధాన బలం.

నిఘంటువులు

ముగింపులను బట్టి మాటలు పేర్చిన మొదటి ఇంగ్లిష్ నిఘంటువు పీటర్ లెవిన్స్ 1570లో తెచ్చిన 'మానిపులస్ వొకాబులోరమ్'. 1775లో జాన్ వాకర్ తన నిఘంటువులో మాటలను చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుతూ అకారాదిగా అమర్చాడు. అది తరతరాల కవులకు చేదోడుగా నిలిచింది. రాతను బట్టి అమర్చిన పద్ధతికి కంటిప్రాసల బెడద తప్పదు. కంప్యూటర్ యుగంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఉచ్చారణ నిఘంటువు లాంటివి ధ్వనిని ఆధారం చేసుకోవడంతో ఆ బెడద తీరింది.

చదువులోనూ నమ్మకంలోనూ

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 1983లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగైదేళ్ల వయసున్న దాదాపు 400 మంది పిల్లలకు కొన్ని మాటలు వినిపించి, వాటిలో ప్రాస కలవనిది ఏదో చెప్పమన్నారు. ఆ పనిలో చురుకైన పిల్లలు తర్వాతి సంవత్సరాల్లో చదవడం, స్పెల్లింగ్ బాగా నేర్చుకున్నారు. ధ్వనుల పోలికతో పాటు అక్షరాలనూ చూపి శిక్షణ ఇచ్చిన పిల్లలు ఇంకా ముందుకు వెళ్లారు.

డాక్టర్ స్యూస్ పిల్లల పుస్తకాలు ఈ బలాన్ని ముందే వాడుకున్నాయి. 1957 నాటి 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్'లో వాడినవి 236 వేర్వేరు మాటలు. 1960 నాటి 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్'లో కేవలం 50.

ప్రాస పెద్దల తీర్పునూ ప్రభావితం చేస్తుంది. 2000లో మెక్‌గ్లోన్, తోఫిఘ్‌బక్ష్ జరిపిన ప్రయోగంలో ఒకే భావాన్ని ప్రాసతో చెప్పినప్పుడు జనం దాన్ని ఎక్కువ నిజంగా భావించారు. 1995లో అమెరికాలో ఓ.జె. సింప్సన్ హత్య కేసులో న్యాయవాది జానీ కాక్రన్ 'ఫిట్' (సరిపోవడం), 'అక్విట్' (నిర్దోషిగా వదలడం) అనే రెండు మాటల ప్రాస మీద తన వాదనను నిలబెట్టాడు. వినసొంపుగా ఉన్నంత మాత్రాన మాట నిజమైపోదని గుర్తుంచుకోవాలి.

తెలుగు ప్రాసతో పోలిక

తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం. కమల, విమల, సుమము అన్నప్పుడు రెండో అక్షరంలోని 'మ'కారం కలిస్తే చాలు, దాని మీది అచ్చు మారవచ్చు. ఇంగ్లిష్‌లో అచ్చు కలవనిదే పూర్ణప్రాస లేదు. తెలుగు ప్రాస పాదం మొదట్లో వినిపిస్తుంది, ఇంగ్లిష్ ప్రాస పాదం చివర. ఆరుద్ర కూనలమ్మ పదాల్లోని అంత్యప్రాసలు, నేటి సినిమా పాటల్లోని ప్రాసలు ఇంగ్లిష్ పద్ధతికి దగ్గర. వచ్చాడు, తెచ్చాడు లాగా క్రియల ముగింపులు కలిసే తెలుగులో అంత్యప్రాస తేలికగా దొరుకుతుంది. తేలికగా దొరికేది త్వరగా చప్పబడుతుంది. రెండో అక్షరం మీద నియమం పెట్టి మన లాక్షణికులు కవికి అసలైన పరీక్ష పెట్టారు. ప్రాసలు కరువైన ఇంగ్లిష్‌లో ఆ పరీక్ష పాదం చివరే జరుగుతుంది.

ఇంగ్లిష్ నేర్చుకునే తెలుగు విద్యార్థులకు ప్రాసపదాలు మంచి ఉచ్చారణ పాఠాలు. 'సెడ్' (అన్నాడు) అనే మాట పెయిడ్‌తో కాక బెడ్‌తోనూ, 'గ్రేట్' మీట్‌తో కాక లేట్‌తోనూ, 'హర్డ్' (విన్న) బియర్డ్‌తో కాక బర్డ్‌తోనూ కలుస్తాయని తెలిస్తే ఆ మూడు మాటలూ ఇక తప్పు పలకరు. ఉపాధ్యాయులు ఈ పదాలను జాబితాలుగా రాయించి వదిలేయకూడదు. ఉచ్చారణ నిఘంటువులో సరిచూసి, అర్థంతో కలిపి, పిల్లల చేత గట్టిగా పలికించాలి.